చీర మడతలో కాగితం

ఒక వైపే అచ్చుపడి రెండో వైపు తెల్లగా ఉన్న కాగితం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఇవాళ్టికీ ఊరుకోదు. కాకపోతే ఇప్పుడు కాగితం దాకా వెళ్ళి వెనక్కి వస్తోంది. ఎందుకు వెనక్కి వస్తోందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత మా నాన్నగారు బడి మాన్పించి మగ్గం పక్కన నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. మాది కృష్ణా జిల్లాలో సముద్రం వైపు ఉన్న నేతవాళ్ళ ఊరు. పెళ్ళయి విజయవాడ వచ్చాక మగ్గం వదిలిపోయింది గానీ చీర వదల్లేదు. మా తమ్ముడింట్లోనూ, ఆ చుట్టుపక్కల నాలుగిళ్ళలోనూ నేసిన చీరలు నా దగ్గరికి వస్తాయి. నేను మడతలు సరిచేసి, కట్టలు కట్టి, అడిగినవాళ్ళకి పంపిస్తాను. మా ఆయన ఉన్నప్పుడూ ఇదే పని, పోయాకా ఇదే పని.

ఈ పనిలో నాన్నగారి దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. జరీ అంచు చీర మడిచేటప్పుడు అంచు మీద అంచు రాసుకోకూడదు. రాసుకుంటే జరీ నల్లబడుతుంది, మడత దగ్గర విరుగుతుంది. అందుకని మధ్యలో ఒక తెల్ల కాగితం పెట్టాలి. పేపరు ముక్క పనికిరాదు, దాని సిరా గుడ్డకి అంటుకుంటుంది. కాగితం పెట్టని చీరని నాన్నగారు గడప దాటనిచ్చేవారు కాదు. నేనూ అంతే. చీర విప్పగానే కాగితం జారిపడితే ఇది ఫలానా ఆవిడ పంపిన చీరే అని కొన్నవాళ్ళు గుర్తుపడతారు. ఆ గుర్తింపు అంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

కానీ ఆ కాగితం కొనడానికి మాత్రం నాకు మనసొప్పేది కాదు. విప్పగానే పారేసేదానికి కొత్త కాగితమా అనిపించేది. పెళ్ళి శుభలేఖల లోపలి కాగితాలు, పిల్లల పాత నోటుపుస్తకాల్లో రాయకుండా వదిలేసిన ఆకులు, ఏది దొరికితే అది దాచేదాన్ని. మా అమ్మాయి ఎప్పుడొచ్చినా “అమ్మా, ఇంట్లో మనుషుల కంటే కాగితాలెక్కువున్నాయే” అని వెక్కిరించేది. వెక్కిరించుకోనీ అనుకునేదాన్ని.

మా మేడ మీద వాటా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి అద్దెకిచ్చాను. కంపెనీ అంటే అద్దాల మేడ అనుకోకండి. ఎనిమిది మంది పిల్లలు, ఎనిమిది కంప్యూటర్లు, ఒక టీ ఫ్లాస్కు. రక్తపరీక్షలు చేసే ల్యాబులకి కావలసిన ప్రోగ్రాములు తయారుచేస్తారు. ఉయ్యూరు, గుడివాడ, చల్లపల్లి, ఇలా డెల్టా ఊళ్ళలో చాలా ల్యాబుల్లో వీళ్ళదే నడుస్తుంది. ఆ ఎనిమిది మందిలో మా అమ్మాయి కూతురు ఒకతి. దాని అమ్మానాన్నలు ఇబ్రహీంపట్నంలో ఉంటారు. ఇది ఉద్యోగం కోసం నా దగ్గరే ఉంటోంది. మెట్లెక్కితే ఆఫీసు, మెట్లు దిగితే ఇల్లు.

అందరూ ప్రోగ్రాములు రాస్తారు, ఇది మాత్రం రాయదు. అదేం పనో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు పెసరట్టు వేస్తూ అడిగాను.

“నువ్వేం రాస్తావే అక్కడ?”

“భయం రాస్తాను అమ్మమ్మా.”

“వేళాకోళమా?”

“నిజం. ఏది ఎక్కడ జారిపోతుందోనని అందరికంటే ముందు నేను భయపడాలి. జారకుండా రూల్సు రాయాలి. జారితే చట్టం ప్రకారం ఏం చెయ్యాలో అది కూడా రాయాలి.”

“భయపడినందుకు జీతమిస్తారా?”

“మరి! ఆఫీసులో నా అంత బాగా భయపడేవాళ్ళు ఇంకెవరూ లేరు.”

అప్పుడు విడమరిచి చెప్పింది. ఒక మనిషి రక్తంలో ఏముందో ఆ మనిషికీ, డాక్టరుకీ, ల్యాబుకీ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. అవన్నీ వీళ్ళ కంప్యూటర్లలోంచే వెళ్తాయి కాబట్టి కాపాడాల్సిన బాధ్యత వీళ్ళది కూడా. ఒకవేళ బయటికి పొక్కితే, పొక్కిందని తెలిసిన ఆరు గంటల్లోపు ఢిల్లీలో ఇలాంటివి చూసే ప్రభుత్వ సంస్థకి చెప్పాలి. ఎవరి వివరాలు పొక్కాయో వాళ్ళకీ చెప్పాలి.

“చెప్పకపోతే?”

“కంపెనీ మీదకి వస్తుంది. ముందు నా మీదకి వస్తుంది. బాధ్యురాలిగా కాగితాల్లో రాసి ఉన్నది నా పేరే.”

అట్టు మాడింది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇరవై ఆరేళ్ళ పిల్ల పేరు అంత పెద్ద బరువు కింద ఎందుకు పెట్టారా అని ఆ రోజే అనుకున్నాను. దానికి మాత్రం అదంటే ఇష్టం. ఎవరైనా కంప్యూటరు మీద పాస్‌వర్డు చీటీ అంటిస్తే పీకి చింపేసేది. టీకి లేస్తూ తెర మూయకపోతే అరిచేది. కంపెనీ యజమాని, ముప్పై దాటని కుర్రాడు, మెట్ల మీద కనబడితే “మామ్మగారూ, మీ మనవరాలు మమ్మల్ని బతకనివ్వట్లేదండీ. అచ్చం మీరే” అనేవాడు. నాకు సంతోషంగానే ఉండేది.

రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నేను మేడ మీదకి వెళ్ళేదాన్ని. పిల్లలు ఫ్యాన్లు ఆపకుండా వెళ్ళిపోతారు. ఇంటిదాన్ని కాబట్టి నా దగ్గరో తాళంచెవి ఉంది. ఫ్యాన్లు ఆపడం, కొళాయి కట్టేయడం, కిటికీలు మూయడం అయ్యాక దిగేదాన్ని. నాలుగేళ్ళుగా అదే అలవాటు. అదొక తప్పని నాకూ తోచలేదు, వాళ్ళకీ తోచలేదు.

ఆఫీసులో కాగితాలని సన్నటి పీలికలుగా కోసేసే యంత్రం ఒకటుంది. మనవరాలే పట్టుబట్టి కొనిపించింది. ఆ ఏడు ఆషాఢంలో అది పాడైంది. బాగుచేసేవాడు ఇవాళ రేపు అంటూ రాలేదు. కొయ్యాల్సిన కాగితాలు పక్కనే ఒక అట్టపెట్టెలో చేరాయి. పెట్టె మీద ఎర్ర అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో రాసి అంటించారు. నాకు ఇంగ్లీషు రాదు.

అప్పుడే శ్రావణ మాసం చీరలు తయారవుతున్నాయి. నా దగ్గర తెల్ల కాగితాలు నిండుకున్నాయి. సాయంత్రం ఫ్యాను ఆపడానికి వెళ్తే పెట్టె నిండా కాగితాలు, ఒక వైపు అచ్చు, రెండో వైపు మల్లెపూవులా తెలుపు. ఒకటి తీసి అచ్చు మీద తడివేలు పెట్టి రుద్దాను. నల్లగా అంటలేదు. చీరకి ఇంతకంటే మంచి కాగితం ఏముంటుంది? ఎలాగూ ముక్కలు చేసేవే కదా అనుకున్నాను. కొంగులో ఎన్ని పడితే అన్ని పట్టుకుని దిగాను. రెండు రోజుల తర్వాత ఇంకోసారి. దొంగతనం చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. వృథా కాకుండా కాపాడుతున్నాననుకున్నాను.

అచ్చువైపు లోపలికి మడిచి, తెలుపు పైకి వచ్చేలా, చీరకొకటి పెట్టాను. కట్టలు కట్టించి మూడు చోట్లకి పంపాను. చల్లపల్లిలో ఇంటి దగ్గర చీరలమ్ముకునే ఒకావిడకి, ఉయ్యూరులో బట్టలకొట్టుకి, ఇంకో కట్ట అక్కడ తెలిసినవాళ్ళకి అమ్మిపెట్టమని మా అమ్మాయి దగ్గరికి.

వారం తిరక్కుండానే, ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి చల్లపల్లి ఆవిడ ఫోను చేసింది. నన్ను పిన్నిగారూ అని పిలుస్తుంది. నోరు మంచిదే గానీ ఆగదు.

“పిన్నిగారూ, చీరలందాయండీ. నేత బ్రహ్మాండం. ఒక్కటి అడగనా?”

“అడుగు.”

“ఈమధ్య చీరతో పాటు ఊరి కబుర్లు కూడా ఉచితంగా పంపిస్తున్నారేంటండీ?”

“కబుర్లేంటి?”

“మడతలో కాగితం విప్పితే లోపల ఎవరిదో బ్లడ్ టెస్టండీ. పేరు, వయసు, ఫోన్ నంబరు, అన్నీ ఉన్నాయి. మా ఆడపడుచు చదివింది. చూస్తే మా వెనక వీధిలో ఆవిడే! మంచిదానిలా ఉంటుందండీ, చూడండి మరి…”

ఏ పరీక్షో చెప్పింది, ఏం తేలిందో కూడా చెప్పింది. అది నేనిక్కడ రాయను. తెలిస్తే జనం ఆ మనిషిని చూసే చూపు మారిపోతుంది, అంతవరకే చెప్తాను.

“ఎవరికైనా చెప్పావా?”

“అబ్బే, నేనూ మా ఆడపడుచూ తప్ప…”

“మీ ఆడపడుచెక్కడుంది?”

“ఇప్పుడే తనింటికి వెళ్ళిపోయిందండీ.”

“తక్షణం ఫోను చేసి నోరు మూసుకోమను. ఆ కాగితం నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి. మిగతా చీరలు విప్పకు.”

“అమ్మో, పోలీసోళ్ళలా మాట్లాడుతున్నారేంటండీ పిన్నిగారూ!” అని నవ్వింది.

నేను నవ్వలేదు. ఫోను పెట్టేశాను. బుడమేరు పొంగి ఇంట్లోకి నీళ్ళు వచ్చినప్పుడు కూడా నేనింత భయపడలేదు. చీరలన్నీ నెత్తి మీద పెట్టుకుని మేడెక్కిన దాన్ని. నీళ్ళంటే కళ్ళకి కనిపిస్తాయి, ఎంత లోతో కర్రతో చూసుకోవచ్చు. ఇది ఎంత దూరం వెళ్ళిందో, ఎవరెవరి ఇళ్ళల్లోకి దూరిందో ఎలా చూడాలి?

బీరువా తీశాను. పంపకుండా మిగిలిన చీరలు ఒక్కొక్కటీ విప్పి కాగితాలు లాగాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు, అంకెలు వస్తాయి. వయసు ఉండే చోట ముప్పై నాలుగు, అరవై ఒకటి, పంతొమ్మిది. ఒకదాని మీద ఏడు. ఏడేళ్ళ పిల్లో పిల్లవాడో. దాని పక్కనే పది అంకెలు వరసగా, ఫోన్ నంబరని నాకూ తెలుసు. అప్పటిదాకా నాకవి కాగితాలు. ఆ ఏడు అంకె చూశాక మనుషులయ్యారు. నా చీరలన్నిటిలోనూ ఒక్కొక్క మనిషిని పెట్టి పంపానన్నమాట.

మేడెక్కాను. తలుపు సందులోంచి చూస్తే మనవరాలూ యజమానీ ఎవరితోనో తెర మీద మాట్లాడుతున్నారు. నన్ను చూసి యజమాని “మామ్మగారూ, ఫ్యాన్లన్నీ వాడుతున్నామండీ, ఒట్టు” అన్నాడు. మనవరాలు చేత్తో తర్వాత అని సైగ చేసింది. దిగిపోయాను. దిగినందుకు నిజం చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నాను.

వంటింట్లో స్టవ్ వెలిగించాను. కాగితాల కట్ట చేతిలో ఉంది. ఇవి కాల్చేస్తే, బయటికి పోయినవి ఏదో వంకన వెనక్కి తెప్పిస్తే, చల్లపల్లి ఆవిడకి ఓ చీర ఊరికే ఇచ్చి నోరు కట్టిస్తే? ఎవరికి తెలుస్తుంది? మనవరాలి పేరు అక్కడెక్కడో ఢిల్లీలో ఎవరి బల్ల మీదకీ వెళ్ళదు. ఒక కాగితం మూల మంటకి ఆనించాను కూడా. అంచు గోధుమరంగు తిరిగింది.

ఎందుకో మా నాన్నగారి మగ్గం గుర్తొచ్చింది. పడుగులో నిలువు పోగు తెగితే ఆయన నేత ఆపేసేవారు. అన్నం వేళైనా సరే, ముడి వేసేదాకా లేచేవారు కాదు. ఒకసారి నేను తెగిన పోగు చూసి కూడా తిడతారని చెప్పలేదు. మూరెడు నేశాక ఆయనే చూశారు. చీర పొడుగునా సన్నటి చార. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. “తెగినప్పుడు చెప్పుంటే ఒక ముడితో పోయేది” అన్నారు. ఆ మూరెడూ విప్పడానికి ఆయనకి పొద్దంతా పట్టింది. నేను పక్కనే కూర్చుని చూశాను.

స్టవ్ కట్టేశాను. మూల కాలిన కాగితాన్ని కూడా మిగతా వాటిలోనే పెట్టాను.

ఒంటిగంటన్నరకి మనవరాలు అన్నానికి దిగింది. దోసకాయ పప్పు, వడియాలు. ఆకలి మీదుంది. తినే పిల్లకి చెప్పలేకపోయాను. మజ్జిగ పోసుకునేదాకా చూశాను. చెయ్యి కడుక్కుని వచ్చాక కాగితాలు దాని ముందు పెట్టి మొత్తం చెప్పాను. పెట్టె, కొంగు, చీరలు, చల్లపల్లి, అన్నీ.

అది కాగితాలు చేతిలోకి తీసుకుంది. ఒక కాగితం తిప్పి చూసింది. ముఖంలో నెత్తురు లేదు.

“పెట్టె మీద రాశాను కదా అమ్మమ్మా, ముట్టుకోవద్దని.”

“ఇంగ్లీషులో రాశావు.”

కూర్చుండిపోయింది. “ఎవరెవరి వల్ల ప్రమాదం ఉందో నేనొక జాబితా రాశాను. టీ తెచ్చే అబ్బాయి ఉన్నాడు, కరెంటు మనిషి ఉన్నాడు, ఎక్కడో రష్యాలో కూర్చున్న దొంగ ఉన్నాడు. రోజూ తాళం తీసుకుని లోపలికొచ్చే నువ్వు లేవు.” ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గడియారం వైపు చూసి, “ఆవిడ ఫోను ఎన్నింటికి చేసింది?” అంది.

“పదకొండు.”

“సరిగ్గా చెప్పు.”

“నా ఫోనులోనే ఉంటుంది, చూసుకో.”

చూసుకుంది. పదకొండూ నాలుగు. అప్పటికి రెండు దాటింది. ఆరు గంటల్లో మూడు గంటలు నేనే తినేశాను.

ఇద్దరం మేడెక్కాం. యజమాని విని తల పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. రిపోర్టు కాగితం నమూనా మార్చారట. సరిగ్గా వస్తోందో లేదో చూడటానికి దొంగ పేర్లు పెట్టి అచ్చు తియ్యాలని మనవరాలు ఎప్పుడో రాసి పెట్టింది. తొందరలో ఒక పిల్లవాడు అసలు పేర్లతోనే తీసేశాడు. తప్పు నా కొంగులోకి రాకముందే పుట్టిందన్నమాట. అది విని నాకు ఊరట కలగలేదు.

యజమాని గొంతు తగ్గించాడు. “ఒకటి చెప్పనా? ఇది కాగితం. హ్యాకింగ్ కాదు. చీరలు మెల్లగా వెనక్కి తెప్పిద్దాం. అంతగా అయితే, మనకి తెలిసింది ఇప్పుడే కదా. మామ్మగారు మన ఉద్యోగి కాదు. టైము రెండింటి నుంచి లెక్కేసుకోవచ్చు.”

“కాగితం మన కంప్యూటర్లోంచే కదండీ వచ్చింది?” అంది మనవరాలు.

“ల్యాబువాళ్ళు కాంట్రాక్టు తీసేస్తే ఎనిమిది మందిమీ రోడ్డున పడతాం. ముందు పోయేది నీ ఉద్యోగమే. ఆలోచించుకో.”

అది నా వైపు చూసింది. పెద్ద పిల్ల చూపు కాదది. చిన్నప్పుడు చెరువు గట్టు మీద జారి, చెయ్యి అందించమని చూసిన చూపు. వద్దు, దాచెయ్యి అని నేను ఒక్క మాట అంటే అది దాచేసేదేమో. ఇప్పటికీ నాకు అనుమానమే. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

“ఏమయ్యా,” అన్నాను యజమానితో, “చల్లపల్లిలో ఇద్దరికి తెలుసు. ఉయ్యూరులో ఎందరికి తెలుసో తెలియదు. నువ్వు దాచినా వాళ్ళు దాచరు. ఆ రోజు ఢిల్లీవాళ్ళు వచ్చి, మంగళవారమే తెలిసి ఎందుకు చెప్పలేదని అడిగితే, పేరు దీనిది ఉంటుంది, నీది కాదు. పదకొండూ నాలుగని రాయించు.”

యజమాని నన్ను చూశాడు, నేలకేసి చూశాడు. “రాయమ్మా” అన్నాడు చివరికి.

అది రాసింది. నడుమ నడుమ నన్ను అడిగింది. ఎన్నిసార్లు తీసుకున్నావు, ఏ రోజుల్లో, ఎవరైనా చూశారా. పోలీసు అడిగినట్టే అడిగింది, నేను దొంగలాగే చెప్పాను. చెప్పిందంతా తెలుగులో నా చేత్తో రాసి సంతకం పెడతానన్నాను. అవసరం లేదంది. అయినా రాశాను. కలం పట్టుకుని చాలా రోజులైంది, అక్షరాలు వంకర పోయాయి. కొత్త కాగితం మీద రాశాను, రెండు వైపులా తెల్లగా ఉన్నదాని మీద. నాలుగుంబావుకి అది రాసిన నివేదిక ఢిల్లీకి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందని తెర మీద చిన్న గీత కనబడింది, అంతే. నా మనవరాలి పేరు ఆ గీతతో పాటు ఎక్కడికో వెళ్ళింది.

అసలు పేర్లతో అచ్చయినవి యాభై రెండని వాళ్ళ యంత్రం చెప్పింది. నా దగ్గరా పైన పెట్టెలోనూ కలిపి ముప్పై ఒకటి దొరికాయి. బయట ఇరవై ఒకటి. ఎవరివి పోయాయో పేర్లతో సహా అది జాబితా తీసింది. నాకు చూపించలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం చల్లపల్లి బస్సెక్కాం. ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. మనవరాలు కాగితం తీసుకుని కవరులో పెట్టి, “వెనక వీధిలో ఇల్లెక్కడండీ?” అని అడిగి ఒక్కతే వెళ్ళింది. నేను వస్తానంటే వద్దంది. నేను అక్కడే కూర్చున్నాను. ఆడపడుచుని కూడా పిలిపించాను.

“మేమేం చేశామండీ,” అంది ఆడపడుచు విసురుగా, “మీరు పంపితేనే కదా చదివాం!”

“అవునమ్మా. పంపింది నేను. అందుకే అడగడానికి వచ్చాను. ఎవరికి చెప్పావు?”

“మా ఆయనకి.”

“ఇంకా?”

తల దించుకుంది. “ఎవరికీ చెప్పలేదండీ.” నిజమో కాదో నాకు తెలియలేదు. ఆ తెలియకపోవడమే నాకు శిక్ష అనిపించింది.

“రేపు నీ రక్తం కాగితం ఇంకొకళ్ళ చీరలో పడితే?” అన్నాను.

ఆడపడుచు లేచి లోపలికి వెళ్ళింది. చల్లపల్లి ఆవిడ మాత్రం మొదటిసారి నవ్వడం మానేసి, “మంచినీళ్ళు తాగండి పిన్నిగారూ” అంది. రెండు గుక్కలు తాగాను.

మనవరాలు గంట తర్వాత వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బస్సు చల్లపల్లి దాటేదాకా ఆగి, “ఏమందే ఆవిడ?” అని అడిగాను.

“అది నీకు చెప్పకూడదు అమ్మమ్మా.”

నాకు కోపం రాలేదు. కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను.

మూడు రోజుల్లో ఇరవై వచ్చాయి. మా అమ్మాయి చీరలు కట్టకట్టి తనే తెచ్చింది, కాగితాల గురించి ఈసారి వెక్కిరించలేదు. ఒక్కటి రాలేదు. ఉయ్యూరు కొట్టులో బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ చిలకపచ్చ చీర కొనుక్కుని వెళ్ళిపోయిందట. పేరు తెలియదు, ఊరు తెలియదు. దానిలో ఉన్న కాగితం ఎవరిదో మాత్రం జాబితాలో తేలింది. వాళ్ళకి ఫోను చేసేటప్పుడు మనవరాలు నన్ను బయటికి పంపించింది. మెట్ల మీద కూర్చుంటే దాని మాటలే వినబడ్డాయి. “లేదండీ… ఎవరు చూశారో తెలియదండీ… అవునండీ, తప్పు మాదే.” అలా యాభై రెండు ఇళ్ళకీ ఏదో ఒక దారిన చెప్పారు, ల్యాబువాళ్ళూ వీళ్ళూ కలిసి.

ఢిల్లీ నుంచి ప్రశ్నలొచ్చాయి. ప్రతిసారీ ఫోను టింగుమంటే దాని ముఖం చూసేదాన్ని. అది చదివి, జవాబు రాసి, అన్నం తినకుండా పడుకునేది. నెల రోజులు ఇల్లంతా జ్వరం వచ్చినట్టుండేది. చివరికి ఆ ల్యాబుల తరఫున ఒక పెద్దాయన వచ్చాడు. మేడ మీద గంటసేపు మాట్లాడాడు. నేను కింద వాకిట్లో మల్లెపాదు దగ్గర గడ్డి పీకుతున్నట్టు నిలబడ్డాను. లేని గడ్డి పీకాను.

ఆయన కాంట్రాక్టు తీసెయ్యలేదు. మనవరాలి ఉద్యోగం పోలేదు. తెలిసిన టైము మార్చకుండా రాసినందుకే నమ్ముతున్నానన్నాడట. కానీ ఒక షరతు పెట్టాడు. ఇంటిగలవాళ్ళ దగ్గర తాళం ఉండే చోట తమ రోగుల వివరాలు ఉండటానికి వీల్లేదన్నాడు. ఆయన అన్నది న్యాయమే. కంపెనీ ఆటోనగర్ వైపు వెళ్ళిపోయింది. మనవరాలు ఇప్పుడు రెండు బస్సులు మారి వెళ్తుంది. అక్కడ పెట్టె మీద తెలుగులో కూడా రాశారట. కాగితాలు కోసే యంత్రం పాడైతే ఆ రోజు అచ్చు తియ్యకూడదని కొత్త రూలు కూడా వచ్చిందట. ఆయన షరతు పెట్టిన రోజే నా దగ్గరున్న మేడ తాళంచెవిని వాళ్ళకే ఇచ్చేశాను. ఖాళీ చేశాక యజమాని తిరిగి ఇచ్చాడు. “మిమ్మల్ని తప్పుపట్టడం లేదు మామ్మగారూ” అన్నాడు. తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్ళాను.

ఇప్పుడు చీరల్లోకి బట్టర్ పేపరు కొంటున్నాను. రెండు వైపులా ఏమీ ఉండదు. అయినా ప్రతి కాగితం వెలుతురుకి ఎత్తి చూస్తాను. సాయంత్రం అలవాటు చొప్పున మెట్ల దాకా వెళ్తాను, పైన ఫ్యాన్లు లేవని గుర్తొచ్చి దిగుతాను.

చీర గురించి ఎవరు ఫోను చేసినా ముందు గుండె ఆగుతుంది. రంగు మార్చమనో, ఇంకోటి పంపమనో అడిగాక మళ్ళీ కొట్టుకుంటుంది. ఆ చిలకపచ్చ చీర ఎక్కడుందో తెలియదు. పండక్కి కడదామని ఎవరో బీరువాలో దాచుకుని ఉంటారు. మడత మధ్య ఆ కాగితం, తెలుపు పైకి, మనిషి లోపలికి. మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న చేతులతో మడిచాను, అంత తొందరగా ఊడదు. నేతవాళ్ళ ఇంట్లో పుట్టి కూడా, ఆ చీర ఎవరూ విప్పకూడదని, ఎవరూ కట్టకూడదని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.